కషాయమున దొరకని మందు

చలిజ్వర మననేమో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మన్యసీమలలో దానికి మన్యపుజ్వరమనియే పేరు. మొదట చలియు వణకును, పిమ్మట కాక, తుదకు చెమట. ఆ మీద నొకనాడు నెమ్మది. మఱునాడు మరల చలి. ఇట్లు దినము విడిచి దినము వచ్చు జ్వరములను మన పూర్వవైద్యులు విషమజ్వరము లనిరి. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో లావెరాన్ అను ఫ్రెంచివైద్యుడు అల్జీరియాలో రోగి నెత్తుటియందు చూచెను. అది దోమ కడుపులో పెరుగుచున్నదని 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ సికిందరాబాదులో కనుగొనెను. కావున ఈ వ్యాధిచరిత్రలో మన నేలకును కొంత చోటు కలదు.

ఈ ప్రసంగమున నేను చెప్పబోవునది దోమను గూర్చి కాదు, మందును గూర్చి. అందును ఒక యాకునుండి వెలువడిన మందును గూర్చి. ఫలానా యాకు ఫలానా జబ్బునకు మంచిదని మనమందఱము వినుచునేయుందుము. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. కాని యది సగము మాట. ఏ జాతి మొక్క? అందులో ఏ భాగము? ఏ కాలమున కోసినది? ఏ ద్రవముతో, ఎంత వేడిమిలో సారము తీసినది? ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానము దొరకనిదే ఆకులోని గుణము రోగికి చేరదు. ఈ సంగతి నొక్క నిజమైన చరిత్రతో మీకు విశదపఱుపదలచితిని.

మొదట పాతమందును తలచుకొందము. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై సింకోనా అను వృక్షము పెరుగును. దాని బెరడు చలిజ్వరమును మాన్పునని పదునేడవ శతాబ్దమున ఐరోపావారికి తెలిసినది. తరువాత చాలకాలము బెరడును దంచి, ఆ పొడినే రోగులచేత త్రాగించుచుండిరి. కొందఱికి జ్వరము విడిచెడిది, కొందఱికి విడువకుండెడిది. ఒక చెట్టు బెరడువలె మఱియొక చెట్టు బెరడుండదు గదా! 1820లో పారిసునగరమున పెలెటియే, కావెంతూ అను నిరువురు ఆ బెరడునుండి దాని చేదుసారమును వేఱుచేసి క్వినైను అని పేరిడిరి. అప్పటినుండి వైద్యుడు పిడికెడు బెరడని చెప్పక, ఇంత తూనికగల క్వినైను అని చెప్పగలిగెను. కొలత వచ్చుటతో మందు నమ్మదగినదయ్యెను. 1860 ప్రాంతమున ఆ చెట్లను మన నీలగిరులకును తెచ్చి నాటిరి.

మొక్కల రసాయనశాస్త్ర మనగా నిదియే. మొక్క యొక్క రంగు, వాసన, చేదు, వగరు, విషము - ఒక్కొక్కటి యొక్కొక్క పదార్థముచేత కలుగును. ఆ పదార్థమును తక్కినవానినుండి విడదీసి, శుద్ధిచేసి, దాని కట్టడమెట్టిదో తెలిసికొనుట ఈ శాస్త్రము పని. మన వాల్తేరులో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు 1930ల మొదలుకొని 1949 వఱకు టి. ఆర్. శేషాద్రిగారును వారి శిష్యులును చేసినది ఈ పనియే. ప్రత్తిపూవు మొదలగు పూవుల పసుపురంగులకు కారణమైన పదార్థములను వారు విడదీసి, వాని కట్టడములను నిర్ణయించిరి. పొలముగట్టున ఎవ్వరును తిరిగిచూడని పూవు సయితము ప్రయోగశాలలో పెద్ద గ్రంథమువలె చదువదగినదని వారి కృషివలన తెలియుచున్నది.

ఇక అసలు కథకు వత్తము. 1934లో జర్మనీదేశమున క్లోరోక్విను అను మందును కృత్రిమముగా తయారుచేసిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము అది లోకమంతటను వ్యాపించెను. చౌకయైన మందు, సుళువైన మందు. కాని 1950ల చివర ఆగ్నేయాసియాలోను దక్షిణ అమెరికాలోను దానికి లొంగని మలేరియా తలయెత్తెను. వియత్నాం యుద్ధమున సైనికులను తుపాకిగుండ్లతోపాటు ఈ జ్వరమును బాధించెను. ఉత్తర వియత్నాం కోరికపై చీనాప్రభుత్వము 1967 మే 23వ తేదీన రహస్యముగా నొక పరిశోధన నారంభించెను. ఆ తేదీనిబట్టియే దానికి 523 అని పేరు. 1969 జనవరిలో పెకింగునందలి సంప్రదాయవైద్య పరిశోధనసంస్థలో ఒక శాఖకు నాయకురాలుగా టు యుయు అను ముప్పదియెనిమిదేండ్ల స్త్రీని నియమించిరి. ఆమె ఔషధశాస్త్రము చదివినది. ఆ పైని రెండున్నర సంవత్సరములు చీనావైద్యమును కూడ అభ్యసించినది. ఆమెకు డాక్టరు పట్టము లేదు. పరదేశములలో చదివినదియు కాదు.

ఆమెయు సహచరులును పాతగ్రంథములను గాలించి, వృద్ధవైద్యుల నడిగి, రెండువేలకు పైగా యోగములను ప్రోగుచేసిరి. అందు 640 ఏరి యొక పుస్తకముగా వ్రాసికొనిరి. సుమారు రెండువందల మూలికలనుండి 380కి పైగా సారములను దీసి, మలేరియా సోకిన చుంచెలుకలపై పరీక్షించిరి. వానిలో చింగ్‌హావ్ అను మూలిక యొకటి. మొదటి పరీక్షలో అది నూటికి 68 పాళ్లు సూక్ష్మజీవుల నణచెను. అందఱును సంతసించిరి. మరల చేసిచూడగా గుణము నూటికి నలువది దాటలేదు, ఒక్కొకప్పుడు పండ్రెండే. ఒకనాడు పనిచేసి మఱునాడు పనిచేయనిదానిని మందనుట యెట్లు?

అప్పుడామె మరల పాతగ్రంథముల నాశ్రయించెను. నాలుగవ శతాబ్దమున గె హోంగ్ అను చీనావైద్యుడు అత్యవసర చికిత్సలను గూర్చి యొక చిన్న గ్రంథము రచించెను. అందు జ్వరములకు చింగ్‌హావ్ వాడు విధము చెప్పబడినది. పిడికెడు మూలికను నీటిలో నానబెట్టి, పిండి, వచ్చిన రసమును త్రాగవలయునని దాని తాత్పర్యము. ఆమె దృష్టి నాకర్షించినది అందలి యొక లోపము: కాచుట యను మాట అచ్చట లేదు. తక్కిన మూలికలను కాచుచుండగా దీనిని మాత్రమేల కాచలేదు? వేడిచేత గుణము చెడునేమో యని ఆమెకు తోచినది.

ఈ భేదము మన వైద్యమునకు క్రొత్త కాదు. శార్ఙ్గధరసంహితలో మూలికలనుండి సారము తీయు పద్ధతు లైదు చెప్పబడినవి. పచ్చియాకును దంచి పిండినది స్వరసము. నూరి ముద్దచేసినది కల్కము. నీటిలో కాచి యిగిర్చినది క్వాథము, దానినే మనము కషాయమందుము. చన్నీట రాత్రియంతయు నాననిచ్చి వడగట్టినది హిమము. మరగిన నీటిలో వేసి దించినది ఫాంటము. ఒకే మూలిక యైనను పద్ధతి మాఱినచో దిగివచ్చు సారము వేఱగును. కషాయమున దిగు పదార్థము స్వరసమున దిగకపోవచ్చును. స్వరసమున నుండునది కషాయమున నశింపవచ్చును. మన యిండ్లలో ప్రతిదానిని కషాయము కాచుట యలవాటైపోయినది. ఈ భేదమును పట్టించుకొనిన పూర్వుల సూక్ష్మదృష్టి మెచ్చదగినది.

టు యుయు నీటిని విడిచి ఈథరును తీసికొనెను. ఈథరు 35 డిగ్రీల వేడిమికే మరగును, అనగా మన వేసవి మధ్యాహ్నపు వేడిమి చాలును. మఱియు కొన్ని పదార్థములు నీటిలో కరగవు. నూనెలలోను ఈథరులోను కరగును. తరువాత తెలిసినదేమన, ఈ యాకులోని గుణవస్తువు నీటిలో మిక్కిలి కొలదిగా మాత్రమే కరగును. కావున ఎంత కాచినను కషాయమునకు చాలినంత దిగదు. ఈథరుసారములో పులుపుగుణముగల భాగమును క్షారముతో వేఱుచేసి తొలగించిరి. విషము చాలవఱకు దానితో పోయెను. మిగిలిన తటస్థభాగమునకు 191 అని సంఖ్య. 1971 అక్టోబరు 4వ తేదీన దానిని పరీక్షింపగా చుంచెలుకల నెత్తుట సూక్ష్మజీవి యొక్కటియు మిగులలేదు. తరువాత కోతులయందును అట్లే జరిగెను.

ఇప్పుడు తక్కిన మూడు ప్రశ్నలకు వత్తము. మొదటిది జాతి. చింగ్‌హావ్ అను పేరుతో పిలువబడు మొక్కలు చీనాలో పెక్కు కలవు. వానిలో ఆర్టెమీసియా యాన్యువా అను నొక్క జాతియందే యీ గుణవస్తువు పనికివచ్చునంత కలదు. మనము వినాయకచవితినాడు పత్రిలో నుంచు మాచిపత్రియు, పూలచెండ్లలో కట్టు దవనమును దీని దాయాదులే. వాసనలోను పోలిక కలదు. అయినను దాయాదియగుట చాలదు. మనదేశమునందును ఇట్టి చిక్కు లేకపోలేదు. శంఖపుష్పి యనగా నొకరు శంఖుపూలతీగె ననుచున్నారు, వేఱొకరు విష్ణుక్రాంతమని చెప్పుచున్నారు. పేరొకటియై మొక్కలు రెండైనచో, గ్రంథము నిజము చెప్పినను రోగికి దొరకునది వేఱు వస్తువగును.

రెండవది భాగము. గుణమంతయు ఆకులయందు, కాడలలో లేదు. మొక్కంతటిని కలిపి కట్టకట్టి అమ్మినచో సగము బరువు వ్యర్థము. మూడవది కాలము. మొక్క పూతపట్టుటకు ముందు ఆకులలో గుణవస్తువు హెచ్చుగా నుండును. ఆ కాలమున కోసినను, ఎండిన యాకు బరువులో అది సాధారణముగా నూటికొక పాలు, లేక అంతకు తక్కువ. మొదటి పరీక్షలలో ఫలితము నిలుకడగా లేకుండుటకు కారణము లివి. మూలిక దోషము కాదు, గ్రంథ దోషము కాదు. ప్రశ్న పూర్తిగా అడుగకుండుటయే.

చుంచెలుక కోలుకొన్నంత మాత్రమున మనుష్యుడు కోలుకొనునని చెప్పరాదు. పైగా కొన్ని జంతువులయందు ఈ సారము హానికర మేమో యను శంక కలిగెను. మలేరియా కాలము దాటిపోయినచో మఱి యొక సంవత్సర మాగవలయును. కావున 1972 జూలైలో టు యుయుయు, మఱి యిద్దఱు సహచరులును వైద్యుల పర్యవేక్షణలో ఆ సారమును తామే సేవించిరి. కీడేమియు కనబడలేదు. అటుపిమ్మట హైనాన్ ద్వీపమున రోగులకిచ్చిరి. జ్వరము త్వరగా దిగెను. నెత్తుట సూక్ష్మజీవులు మాయమయ్యెను. ఆ దినములలో చీనాలో సాంస్కృతిక విప్లవపు అలజడి. మందులు తయారుచేయు కార్ఖానలు మూతపడియుండగా, ఇంటివాడుక తొట్లలో ఈథరుపోసి సారము దీసిరి. గాలి సరిగా ఆడని గదులలో ఆ యావిరి పీల్చి పలువురు జబ్బుపడిరి. ఆమె తన పెద్దకూతును శిశుపాలనశాలలోను, చిన్నకూతును తల్లిదండ్రులయొద్దను విడిచి పనిచేయవలసివచ్చెను.

1972 నవంబరులో ఆ సారమునుండి శుద్ధమైన తెల్లని స్ఫటికములు లభించెను. దీనినే నేడు ఆర్టెమిసినిన్ అందురు. మఱుసటి యేడు మాత్రలుగా చేసి రోగులకిచ్చిరి. ఫలితము చాల తక్కువగా కనబడినది. విచారింపగా మందులో లోపము లేదు. మాత్ర కడుపులో సరిగా విడిపోవుటలేదు! అదే స్ఫటికములను గొట్టపుబిళ్లలలో నింపి యిచ్చినంతనే గుణము కనబడెను. మన నాలుగు ప్రశ్నలకు ఐదవదానిని కూడ చేర్చవలయునేమో: రోగి కడుపున అది యే రూపమున ప్రవేశించుచున్నది?

ఈ పదార్థము కట్టడమును 1975 నాటికి ఎక్సుకిరణముల సాయమున నిర్ణయించిరి. ఒక్కొక్క అణువునందు 15 కర్బనము, 22 ఉదజని, 5 ఆమ్లజని పరమాణువులు కలవు. క్వినైను, క్లోరోక్విను మొదలగు మందులయందు నత్రజని యున్నది. ఇందు బొత్తిగా లేదు. రసాయనజ్ఞులకు మిక్కిలి వింతగొలిపినది వేఱొకటి. ఇందు రెండు ఆమ్లజని పరమాణువులు ఒకదానితో నొకటి చేయికలిపి వంతెనవలె నున్నవి. గాయములు కడుగు హైడ్రొజను పెరాక్సైడునందును ఇట్టి బంధమే కలదు. అది బలహీనమైన బంధము. ఇనుము తగిలిన తెగును. మలేరియా సూక్ష్మజీవి మన ఎఱ్ఱకణములలో దూరి, నెత్తుటికి రంగునిచ్చు పదార్థమును తిని జీవించును. ఆ పదార్థమున ఇనుము కలదు. కావున తిన్న తిండిలోని యినుమే సూక్ష్మజీవికి మృత్యువగుచున్నది. ఆ వంతెన తెగి, పుట్టిన చురుకైన ఖండములు దాని దేహములోని మాంసకృత్తులను చెఱచును.

ఈ పరిశోధనను గూర్చిన వ్యాసము 1977లో వెలువడినప్పుడు అందు వ్యక్తుల పేర్లు లేవు. ఒక సహకారబృందమని మాత్రమే యుండెను. యున్నాన్, షాన్‌డుంగ్ రాష్ట్రములవారును ఇందు పాలుగొనిరి. ఎవరు మొదట ఏమి చేసిరో లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టెను. 2015లో టు యుయుకు వైద్యశాస్త్రమున నోబెలు బహుమానములో సగభాగము లభించెను. అప్పటికామెకు ఎనుబదినాలుగేండ్లు. ఆమె తన ప్రసంగములలో గె హోంగ్ పేరును మఱువక చెప్పెను. పదునాఱువందల యేండ్లకు పూర్వపు గ్రంథకర్తకు ఋణము ఒప్పుకొనుట పండితధర్మము. మూలములేని మాట వ్రాయనని ప్రతినపూనిన మల్లినాథసూరి పుట్టినది మన తెలుగుదేశముననే గదా.

మందు నిజముగా మేలా కాదా యని తేల్చునది తుదకు రోగులపై జరుగు పరీక్షయే. ప్రాణాపాయస్థితిలోనున్న మలేరియా రోగులకు పూర్వము క్వినైనునే సూదిమందుగా ఇచ్చుచుండిరి. ఆర్టెమిసినిన్ నుండి పుట్టిన ఆర్టిసునేటును దానితో పోల్చిచూచిరి. బంగ్లాదేశము, భారతదేశము, ఇండోనేషియా, మయన్మారులయందు 1461 మంది రోగులపై జరిగిన పరీక్షాఫలితము 2005లో వెలువడెను. క్వినైను పొందినవారిలో నూటికి 22 మంది మరణింపగా, ఆర్టిసునేటు పొందినవారిలో నూటికి 15 మంది మరణించిరి. ఆఫ్రికాలో ఐదువేలకు పైబడిన పిల్లలపై జరిగిన పరీక్ష 2010లో వెలువడెను; అందును ఇట్టి మేలే కనబడినది. నూటికి ఏడుగురనగా అంకెలలో చిన్న సంఖ్య. ఆ యేడుగురి యిండ్లలో అది చిన్నది కాదు.

ఇంతటి మందు దొరకినను కథ ముగియలేదు. ప్రపంచారోగ్యసంస్థవారి లెక్కప్రకారము 2023లో సుమారు 26 కోట్ల 30 లక్షల మలేరియా జ్వరములు, 5 లక్షల 97 వేల మరణములు. మరణించినవారిలో పెక్కండ్రు ఆఫ్రికాలోని ఐదేండ్లలోపు పిల్లలు. మన తూర్పుకనుమల మన్యములలోను ఈ జ్వర మింకను పూర్తిగా తొలగలేదు. ఇంతేకాక, కంబోడియా పడమటిభాగమున ఈ మందుకును సూక్ష్మజీవి నెమ్మదిగా లొంగుచున్నదని 2008-09 సంవత్సరములలో తెలిసినది. తరువాత తూర్పు ఆఫ్రికాలోను అట్టి గుర్తులు కనబడినవి. అందుచేతనే ఆర్టెమిసినిన్ జాతి మందును ఒంటరిగా మ్రింగరాదు. వేఱొక మందుతో జతపఱచి ఇత్తురు. ఒకటి వేగముగా చంపును. రెండవది మిగిలినవానిని వెదకి చంపును.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ కథ విన్న కొందఱు ఆ మొక్కను పెంచి, ఆ యాకుతో తేనీరు కాచుకొనిన చాలునని తలచుచున్నారు. ఇతర దేశములలో అట్టి యాకును అమ్మువారును కలరు. ప్రపంచారోగ్యసంస్థ దీనిని అంగీకరింపలేదు. కారణము మీకు తెలిసియేయున్నది: మరిగిన నీటిలో గుణవస్తువు చాలినంత దిగదు, ఒక ఆకువలె మఱియొక ఆకుండదు, పాలు తెలియని మందు త్రాగినచో జ్వరము కొంత తగ్గినట్లు కనబడి, సూక్ష్మజీవి చావక, మందునకు అలవాటుపడును. రోగికి నష్టము, ఇరుగుపొరుగునకు అంతకంటె నష్టము. చలిజ్వరము వచ్చినప్పుడు చేయవలసినది నెత్తురు పరీక్ష చేయించుట, వైద్యుడిచ్చిన మందు జ్వరము దిగినను మానక చెప్పినన్ని దినములు వాడుట.

పాతగ్రంథములను గూర్చి మనలో రెండు తెగలవారు కలరు. అందు సమస్తము కలదు, క్రొత్తగా వెదకనక్కఱలేదని కొందఱు. అందేమియు లేదు, కట్టి అటకపై పెట్టుడని కొందఱు. గె హోంగ్ గ్రంథమును చదువకున్నచో టు యుయుకు ఆ దారి తోచియుండదు. చదివి ఊరకున్నచో ఆ మందు నేటికిని గడ్డిలోనే యుండెడిది. ఆ గ్రంథములో నున్నది మందు కాదు, మందునకు దారి. ఆ దారిని నడచినది చుంచెలుకల లెక్కలు, ఈథరుతొట్లు, తన దేహముపైనే పరీక్షకు ఒప్పుకొనిన మువ్వురి ధైర్యము. మన తాళపత్రములలోను, మన మన్యపు వృద్ధుల నోటను ఇట్టి దారులు కొన్ని యుండవచ్చును. వానిని మాటకుమాట వ్రాసిపెట్టుట, ఏ మొక్కయో సరిగా గుర్తించుట, తరువాత నిష్పక్షపాతముగా పరీక్షించుట మన విద్యార్థులు చేయదగిన పని. వారిలో కొందఱైనను ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాను.